నా అనుమానమంతా అతని కాళ్ళ మీదే

"మనవాళ్ళని మనవాళ్ళే ఎందుకు అలా అంటున్నారు నాన్నా?" అని మా అబ్బాయి అడిగాడు.

2025 సెప్టెంబరు 13, శనివారం. ఆస్టిన్ ఎండ నెత్తి మాడ్చేస్తోంది. బెంచీ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. ఎదురుగా ఉన్నది ఎల్ పాసో నుంచి వచ్చిన యూటెప్ జట్టు. మా యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు అది నల్లేరు మీద బండి నడకలా సాగాల్సిన ఆట. కానీ మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, ఆర్చ్ మ్యానింగ్ విసిరిన పాసులు ఒకదాని వెనక ఒకటి, వరుసగా పది, ఎవరి చేతికీ అందలేదు. ముందు ఎక్కడో కింది వరుసల్లో "బూ" అని సన్నగా మొదలైంది. అది పాకుతూ పాకుతూ మా వరుస దాకా వచ్చింది. మా ముందు కూర్చున్న పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. నారింజ రంగు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నేను బూ అనలేదు. అనాలనిపించింది మాత్రం నిజం. అందుకే మా వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆట 27-10తో గెలిచాం. ఆర్చ్ 25 పాసులు వేస్తే 11 మాత్రమే అందాయి, మొత్తం కలిపి 114 గజాలు. తిరుగు దారిలో కారులో ఎవరం మాట్లాడలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక రికార్డింగ్ మళ్ళీ పెట్టి, ఆ పది పాసులూ ఆపి ఆపి చూశాను. నా అనుమానానికి ఒక రూపం వచ్చింది ఆ రాత్రే. సీజన్ అయిపోయింది, 2026 వచ్చేసింది, అది ఇంకా పోలేదు. స్నేహితులు "ఇంకా ఏంటి నీ గోల, కుర్రాడు బాగానే ఆడాడుగా" అంటున్నారు. ఎందుకు పోలేదో వాళ్ళకు వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి విసిగిపోయి, ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడని వాళ్ళకు ఒక్క విషయం చెప్తే చాలు. బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి రాగానే అవతలి జట్టులో నలుగురైదుగురు అతన్ని కింద పడేయడానికి దూసుకొస్తారు. వాళ్ళని ఆపడానికి అతని ముందు ఐదుగురు బలాఢ్యులు గోడ కడతారు, దాన్నే ఆఫెన్సివ్ లైన్ అంటారు. ఆ గోడ సుమారు రెండున్నర, మూడు సెకన్లు నిలుస్తుంది. ఆ లోపల అతను నాలుగు వైపులా పరిగెత్తే తన వాళ్ళలో, అంటే రిసీవర్లలో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి, బంతిని వాళ్ళ చేతుల్లో పడేయాలి. జట్టంతా ఆ మూడు సెకన్ల మీద బతుకుతుంది.

నేను గుంటూరు నుంచి ఎం.ఎస్. చెయ్యడానికి ఆస్టిన్ వచ్చింది 2004 ఆగస్టులో. రివర్‌సైడ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. ఆట మొదటిసారి అర్థమవుతున్న రోజుల్లో మా క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్. ఆ అక్టోబరులో ఓక్లహోమా మా మీద 12-0తో గెలిచింది. తర్వాతి వారం మిస్సోరీతో ఆడుతుంటే అతన్ని ఆట మధ్యలోనే బయట కూర్చోబెట్టారు. "వీడికి విసరడం రాదు, రిసీవర్‌గా మార్చేయండి" అని క్యాంపస్ అంతా అదే మాట. పదిహేను నెలలు తిరిగేసరికి, 2006 జనవరి 4న ప్యాసడీనాలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఆటలో అదే కుర్రాడు సదరన్ కాలిఫోర్నియా మీద 267 గజాలు విసిరి, 200 గజాలు పరిగెత్తాడు. 19 సెకన్లు ఉండగా, నాలుగో డౌన్‌లో, అంటే ఉన్న నాలుగు అవకాశాల్లో ఆఖరిదానిలో, ఎనిమిది గజాల దూరం నుంచి కుడి మూలకు పరిగెత్తి గోల్ గీత అవతలి ఎండ్ జోన్‌లో కాలు పెట్టాడు, టచ్‌డౌన్ అంటే అదే. 41-38. మేం ఐదుగురం చెప్పులు లేకుండా రోడ్డు మీదకు వచ్చేశాం. దూరంగా యూనివర్సిటీ టవర్ నారింజ రంగులో వెలుగుతోంది. చదువుకోవడానికి వచ్చిన ఊరు ఆ రాత్రి నాకు మా ఊరు అయింది.

అందుకని ఇప్పుడు ఆర్చ్ గురించి నోరు తెరిస్తే చాలు, "విన్స్ యంగ్‌ని కూడా ఇలాగే అన్నారు గుర్తులేదా" అని నా మీదకే తిప్పుతారు. గుర్తుంది. కానీ ఆ పోలిక ఇక్కడ అతకదు. యంగ్ కాళ్ళే అతని ఆయుధం. కోచ్ మ్యాక్ బ్రౌన్ చివరికి అతన్ని అతని తీరులో ఆడనిచ్చి, ఆటను ఆ కాళ్ళ చుట్టూ కట్టాడు. ఆర్చ్ కోచ్ స్టీవ్ సార్కిసియన్ ఆట వేరు. నిలబడి, లెక్క ప్రకారం చూసి, సమయానికి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆయనకు కావాలి. ఆ ఆటకు కాళ్ళు పునాది. నా అనుమానం ఆ పునాది మీదే.

మ్యానింగ్ కుటుంబం గురించి ఎక్కువ రాయను. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై, ముగ్గురూ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు. తాత ఆడిన ఓల్ మిస్ క్యాంపస్‌లో వాహనాల వేగ పరిమితిని ఆయన జెర్సీ నంబరు చూసి గంటకు 18 మైళ్ళు పెట్టారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు 2022లో టెక్సాస్‌కు వస్తానన్నప్పుడు నేను పేరును చూసి సంబరపడలేదు. తర్వాత రెండేళ్ళు చూసి గౌరవం పెరిగింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కాలం. ఆడే అవకాశం రాకపోతే ఏడాది తిరక్కుండా ఇంకో కాలేజీకి వెళ్ళిపోతారు. ఇతను 2023లో, 2024లో అప్పటి మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ వెనక కూర్చున్నాడు. దేశంలో ఏ కాలేజీ అయినా ఎర్ర తివాచీ పరిచేది. అయినా కదల్లేదు.

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2024 అక్టోబరు 19న జార్జియా ఇక్కడికొచ్చి ఆడుతున్న రాత్రి ఎవర్స్ తడబడితే, సార్కిసియన్ అతన్ని ఆపి ఆర్చ్‌ను కాసేపు దింపాడు. స్టేడియం ఊగిపోయింది. నేను కూడా లేచి నిలబడి గొంతు చించుకున్నాను. ఎవర్స్ అప్పుడు హెల్మెట్ చేత్తో పట్టుకుని గీత పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని వరుసగా రెండేళ్ళు జాతీయ ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళింది ఆ కుర్రాడే. ఆ రాత్రి 30-15తో ఓడాం. ఏడాది తిరక్కుండా, ఎవరి పేరు పెట్టి అరిచామో అతనికే బూ చెప్పాం. మా వాడు అడిగిన ప్రశ్న నాకు అందుకే అంత గట్టిగా తగిలింది.

సరే, కాళ్ళ సంగతి.

క్రికెట్ చూస్తూ పెరిగిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మా తాతయ్య రేడియో రోజుల మనిషి. టీవీ వచ్చాక బ్యాట్స్‌మన్ అవుటైతే చాలు, "కాలు కదల్లేదు రా" అనేవాడు. చెయ్యి చేసే పని మనకు కనిపిస్తుంది, దాన్ని నడిపించేది కాలు. బంతి విసరడమూ అంతే. కుడిచేత్తో విసిరేవాడు కుడి కాలి మీద బరువు పెట్టి, ఎడమ కాలు ఎవరికి విసురుతున్నాడో అటు వెయ్యాలి. అప్పుడు నడుము తిరుగుతుంది, దాని వెంట భుజం, ఆఖర్న చెయ్యి. ఎడమ కాలు ఒక జానెడు పక్కకు పడిందా, నడుము ముందే తెరుచుకుంటుంది, చెయ్యి వెనకబడుతుంది, బంతి మనిషి తల మీద నుంచి పోతుంది.

యూటెప్ ఆట రికార్డింగ్‌లో ఆ రాత్రి నేను చూసింది ఇదే. బంతి చేతికి వచ్చింది. ఆపాను. ఒకటి, రెండు. ఎవరూ మీద పడలేదు, ముందు నిలబడే చోటు ఉంది. కానీ అతని మడమలు వెనక్కి జరుగుతున్నాయి. ఇంకో అరసెకను. ఎడమ కాలు రిసీవర్ వైపు పడకుండా బయటికి, పక్కన గీత వైపు పడింది. భుజం కిందికి వాలి చెయ్యి పక్క నుంచి వచ్చింది. బంతి వెళ్ళి ఎవరూ లేని చోట పడింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను. భుజం నొప్పేమో అని ఆ రోజుల్లో చాలామంది అన్నారు, కోచ్ అదేం లేదన్నాడు. నాకు మాత్రం భుజం మీద అనుమానం రాలేదు. కాళ్ళు ఎవరూ తరమకుండానే పరిగెడుతున్నాయి. ఒకసారి దెబ్బ తిన్న కాళ్ళు అలా చేస్తాయి.

ఆ దెబ్బ రెండు వారాల ముందు కొలంబస్‌లో తగిలింది. ఆగస్టు 30న డిఫెండింగ్ ఛాంపియన్ ఒహాయో స్టేట్‌తో, వాళ్ళ ఊళ్ళో ఆడాం. సీజన్ మొదలవకముందు ఏపీ వార్తాసంస్థ ఇచ్చే ర్యాంకుల్లో టెక్సాస్ చరిత్రలో మొట్టమొదటిసారి నంబర్ వన్‌గా నిలిచి వెళ్ళిన ఆట అది. 14-7తో ఓడిపోయి వచ్చాం. 30కి 17 పాసులు, 170 గజాలు. మూడు క్వార్టర్లలో ఒక్క పాయింటు లేదు. గోల్ గీతకు ఒక్క గజం దూరంలో నాలుగో డౌన్‌లో ఆర్చ్ దూరబోతే గోడలా అడ్డుపడ్డారు.

నా స్నేహితుల వాదనలో బలమున్న భాగం లైన్ గురించి. 2024లో ఎవర్స్ ముందు నిలబడ్డ ఐదుగురిలో నలుగురు వెళ్ళిపోయారు. అందులో కెల్విన్ బ్యాంక్స్‌ని న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ వాళ్ళు డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే వరుసలో, తొమ్మిదో స్థానంలోనే తీసుకున్నారు. అంత మంచి గోడ కూలిపోయి, కొత్త ఇటుకలతో కట్టిన గోడ వెనక ఈ కుర్రాడిని నిలబెట్టారు. అక్టోబరు 4న ఫ్లోరిడాలో దాని ఫలితం కళ్ళారా చూశాం. ఆరుసార్లు కింద పడేశారు, 29-21తో ఓడాం. పదే పదే దెబ్బలు తింటే ఎవరైనా రిసీవర్లను చూడటం మానేసి తన మీదకు వచ్చేవాళ్ళనే చూస్తారు. అదంతా ఒప్పుకుంటాను. ఆ నలుగురు వెళ్ళిపోతున్నారని జనవరిలోనే తెలుసు కదా, పోర్టల్‌లో గట్టివాళ్ళను తెచ్చుకోవాల్సింది అని కోచ్‌ల మీద నాకు కోపం కూడా ఉంది. అయితే యూటెప్ రోజు ఆ సాకు లేదు. గోడ నిలబడ్డప్పుడు కూడా కాళ్ళు నిలబడలేదు.

రెండేళ్ళు బెంచీ మీద కూర్చోవడం మంచిదైంది, ఓపిగ్గా నేర్చుకున్నాడు అనే మాట నేను కూడా అన్నాను. ఇప్పుడు అనను. ఈత గట్టు మీద కూర్చుంటే రాదు. ఎవర్స్‌కు గాయమైనప్పుడు 2024లో రెండు ఆటలు మొదటి నుంచి ఆడాడు, అవతల లూయిజియానా మన్రో, మిసిసిపీ స్టేట్. అంతే అనుభవం. అంతటితో కొలంబస్‌కు, లక్ష మంది అరుస్తున్న స్టేడియంలోకి పంపాం. మూడు సెకన్లలో కాలు ఎక్కడ వెయ్యాలో ప్రాక్టీసులో చెప్పొచ్చు. కొండలాంటి మనిషి మీద పడబోతున్నప్పుడు కూడా కాలు అక్కడే వెయ్యడం మాత్రం ఆటలో పడి లేచే నేర్చుకోవాలి. 2023లోనే ఎక్కడైనా చిన్న కాలేజీలో పడి లేచి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. మా జట్టు మీద ప్రేమతో ఉండిపోయినవాడి గురించి ఆ జట్టు అభిమానిగా ఈ మాట రాయడం కష్టంగానే ఉంది.

తర్వాత ఆట మెరుగైంది, కాదనను. డాలస్‌లో ఓక్లహోమా మీద 27కి 21 పాసులు అందించి 23-6తో గెలిపించాడు. వాండర్‌బిల్ట్ మీద మొదటి బంతికే ర్యాన్ వింగోకు 75 గజాల టచ్‌డౌన్. ఆర్కన్సా మీద నాలుగు టచ్‌డౌన్లు విసిరి, ఒకటి పరిగెత్తి, ఒకటి పట్టుకున్నాడు. థాంక్స్‌గివింగ్ మర్నాడు, నవంబరు 28 రాత్రి, అప్పటిదాకా ఓటమి లేని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ ఆస్టిన్ వచ్చింది. సగం ఆటకు 10-3తో వెనకబడి ఉన్నాం. నాలుగో క్వార్టర్‌లో ఆర్చ్ మధ్యలోంచి దూసుకుని 35 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, 27-17. మా వాడు నా మెడ పట్టుకుని వేలాడాడు, నా కళ్ళు తడిశాయి. ఆఖరున డిసెంబరు 31న ఆర్లాండోలో మిషిగన్ మీద 60 గజాల పరుగు. 41-27. మొత్తం మీద 10 గెలుపులు, 3 ఓటములు.

"ఇంక నీకేం కావాలి?" అంటారు.

ఈ మంచి ఆటలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మిసిసిపీ స్టేట్ మీద స్టార్క్‌విల్‌లో నాలుగో క్వార్టర్‌లో 38-21తో వెనకబడి ఉన్నాం. అక్కడి నుంచి అతను చెలరేగిపోయాడు, ఆ రోజు 346 గజాలు. అంతకు వారం ముందు, అంతకంటే తీరుబడిగా సాగిన కెంటకీ ఆటలో 27కి 12, 132 గజాలు. ఓవర్‌టైమ్‌లో 16-13తో బయటపడ్డాం. ఆట చెదిరిపోయి, ఆలోచించే తీరిక లేనప్పుడు, ఎటు పరిగెత్తినా అడిగేవాడు లేనప్పుడు అతని కాళ్ళలో భయం ఉండదు. ఏ అండ్ ఎమ్ మీద పరుగు, మిషిగన్ మీద పరుగు, రెండూ అలాంటివే. ఆట పద్ధతిగా నడుస్తున్నప్పుడు, మూడో డౌన్‌లో ఏడు గజాలు కావలసినప్పుడు, నిలబడి చూసి విసరాల్సినప్పుడు ఆ మడమలు మళ్ళీ వెనక్కి జరుగుతాయి. నవంబరు 15న తన సొంత ఊరు ఏథెన్స్‌లో జార్జియా మా ఆటను చెదరనివ్వలేదు. తీరిగ్గా నలిపేసింది, 35-10.

ప్లేఆఫ్‌లో ఎదురయ్యేవి జార్జియా, ఒహాయో స్టేట్ లాంటి జట్లే. 2025 జనవరి సెమీఫైనల్‌లో ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్, ఎవర్స్ చేతిలోంచి బంతిని ఊడగొట్టి 83 గజాలు పరిగెత్తిన దృశ్యం ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. 28-14. ఒక్క మూడు సెకన్లలో ఏడాది కష్టమంతా పోయింది. అలాంటి మూడు సెకన్లలో ఆర్చ్ కాళ్ళు ఎక్కడ ఉంటాయి? దానికి జవాబు నాకు ఈ సీజన్‌లో దొరకలేదు.

పేటన్ కూడా 1998లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్ళ చేతికి చిక్కిన పాసులు, విసిరాడు, జట్టు 3 గెలుపులు, 13 ఓటములతో ముగించింది, తర్వాత ఏమయ్యాడో చూడు అని ఒక మిత్రుడు ఓదార్చాడు. పేటన్ తప్పులు కళ్ళవి. ఎక్కడ ఎవరున్నారో చదవడంలో వచ్చినవి. చదువు వస్తుంది. కాళ్ళకు పట్టిన బెదురు అంత తేలిగ్గా వదలదని నా భయం. వదులుతుందా లేదా అన్నది రక్తంలో రాసి ఉండదు.

ఇంకో మాట తరచుగా వింటున్నాను. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి. "కోట్లు తీసుకుంటున్నాడు, నాలుగు తిట్లు పడితే తప్పేంటి" అంటారు. నేను ఒప్పుకోను. అతనికి అప్పుడు 21 ఏళ్ళు. ఎవరూ తరమకపోయినా వెనక్కి జరుగుతున్న కాళ్ళకు లక్ష గొంతులు తోడై తరిమితే అవి ఇంకా వెనక్కే పోతాయి. స్టార్క్‌విల్‌లో ఓవర్‌టైమ్ మొదటి ఆటలోనే అతని తలకు దెబ్బ తగిలింది, కంకషన్. బదులుగా వచ్చిన మ్యాథ్యూ కాల్డ్‌వెల్ గెలుపు పాస్ విసిరాడు. ఆ రాత్రి మా గ్రూపులో ఒకరు "పీడ పోయింది, ఇక కాల్డ్‌వెల్‌నే ఆడించండి" అని పెట్టారు. దానికి కింద నవ్వే బొమ్మలు. తలకు దెబ్బ తగిలి పడ్డ కుర్రాడి గురించి ఆ మాట చూసి నాకు మనసు విరిగిపోయింది. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. అతని ఆట మీద నాకున్నంత అనుమానం వాళ్ళలో ఎవరికీ లేదేమో. ఆ నవ్వులో మాత్రం నాకు చోటు వద్దు.

2026లో సెప్టెంబరు 12న ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కు వస్తోంది. మా సీట్లు మళ్ళీ కట్టుకున్నాం, అదే వరుస. ముందు వరుస పెద్దాయన కూడా వస్తానన్నారు. మా వాడికి ఈసారి బైనాక్యులర్స్ కొన్నాను. పోయిన ఆదివారం పెరట్లో వాడికి బంతి విసరడం నేర్పుతూ, ఎడమ కాలు ఎటు పడాలో సుద్దముక్కతో సిమెంటు మీద గీత గీశాను. వాడు గీత మీద కాలు వేసి, నా వైపు చూసి, "ఆర్చ్ ఇక్కడ వెయ్యట్లేదా?" అన్నాడు. కొన్నిసార్లు వేస్తున్నాడు, ఎవరైనా మీదకొస్తే వెయ్యట్లేదు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు నా మీదకి పరిగెత్తుకుంటూ రా" అన్నాడు. పరిగెత్తాను. మొదటి మూడుసార్లు కాలు గీత దాటి పక్కకు పడింది.